చౌకబియ్యమునకు కావలి

ప్రభుత్వము బీదవాని కొఱకు పంపు బియ్యము గిడ్డంగి వాకిలి దాటి బీదవాని కుండలోనికి చేరులోపల ఒక తక్కెడను దాటవలసి యున్నది. ఆ తక్కెడను పట్టువాడు దుకాణదారుడు. తూచువాడతడే, లెక్క వ్రాయువాడతడే, ఆ లెక్కను పై యధికారికి పంపువాడును అతడే. ఈ మూడు పనులును ఒక్క చేతిలో నున్నంత కాలము ఆ చేతిని ప్రభుత్వములు అనుమానించుచునే వచ్చినవి. ఆ యనుమానము ఏ రూపములు దాల్చెనో, దానివలన దుకాణదారునకును, అంతకంటె ముఖ్యముగ బియ్యము కొఱకు వచ్చినవానికిని ఏమి జరిగెనో చెప్పుటయే ఈనాటి ప్రసంగము.

శ్రోతలారా! మీ గ్రామములలో చౌకధరల దుకాణము నెఱుగనివారు లేరు. "ఈ నెల సరకు రాలేదు," "రేపు రమ్ము," "కార్డు ఇచటనే యుంచి పొమ్ము" అను మాటలను వినని చెవియు లేదు. అట్లని దుకాణదారులందఱు మోసగాండ్రని చెప్పుటకు నేను రాలేదు. పదిమంది కన్నులయెదుట పుట్టి పెరిగిన యూరిలో తూకము తగ్గించి తలయెత్తుకొని తిరుగుట సులభము కాదు. సక్రమముగ తూచి, చేతిసొమ్ము పోగొట్టుకొని, దుకాణము మూసినవారును కలరు. వారి సంగతి ముందు వచ్చును.

పాతకథతో ప్రారంభింతము. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ 1296 మొదలు 1316 వఱకు రాజ్యమేలెను. 1309లో మన ఓరుగంటి ప్రతాపరుద్రునిపైకి మాలిక్ కాఫూరును పంపినవాడితడే. పెద్ద సేనను చిన్న జీతముతో పోషింపవలెనన్నచో ధాన్యము చౌకగ నుండవలెను. కావున అతడు ఢిల్లీ యంగడిలో ధరలను శాసనముచే కట్టడి చేసెను. ఆనాటి మణుగునకు గోధుమలు ఏడున్నర జీతలములు, బియ్యము ఐదు, యవలు నాలుగు. జీతలమనగా ఆనాటి చిన్న నాణెము. వానలు లేని యేడు నగరములోని పేట పేటకును జనసంఖ్యను బట్టి ధాన్యమును దుకాణదారులకు పంచి యిచ్చుచుండిరి. ఇది బీదలపై దయతో చేసిన పని కాదు, సేన కొఱకు చేసిన పని. ఐనను చౌకధర, పేటకొక కేటాయింపు, దుకాణదారునిపై కన్ను అను ఈ మూడును ఆ పూర్వకాలమున నింత స్పష్టముగ నొకచోట కనబడుట అరుదు.

ఈ సంగతులను వ్రాసినవాడు జియాయుద్దీన్ బరనీ యను చరిత్రకారుడు. అంగడి ధరలను గూర్చి సుల్తానునకు ప్రతిదినమును మూడు నివేదికలు వచ్చుచుండెనట. అంగడిపై నియమింపబడిన యధికారి పంపునది ఒకటి, వార్తాహరుడు పంపునది మఱియొకటి, రహస్యచారులు తెచ్చునది మూడవది. ఈ ముగ్గురును ఒకరి లెక్క నొకరు చూడరు. మూడింటిలో తేడా కనబడినచో ముందు శిక్షకు గురియగువాడు అంగడి యధికారియే. ఒక కఱవునాడు ధరను అర జీతలము పెంపుడని విన్నవించుకొన్న యధికారికి బెత్తపుదెబ్బలు దక్కెనని బరనీ చెప్పును. అంతే కాదు. లోకజ్ఞానము లేని బానిసపిల్లల చేతికి కొన్ని కాసులిచ్చి సుల్తాను అంగడికి పంపెడివాడట. వారు కొని తెచ్చిన రొట్టె మొదలగువానిని తూపించి, తూకము తగ్గినచో దానికి సరిపోవు మాంసమును దుకాణదారుని దేహమునుండి కోయించెడివారట.

బరనీ మాటలనన్నిటిని తూచి పుచ్చుకొనవలసినదే, అతనికి వర్తకులపై ప్రీతి లేదు. మాంసము కోయు కథను పెద్దది చేసి చెప్పెనేమో! కాని పసివానిని పంపి తూకమును పరీక్షించుట కల్పనవలె తోపదు. అంగడివాడు పెద్దమనిషికి సరిగా తూచును. పిల్లవానికి, ముసలమ్మకు, పరాయి యూరివానికి ఎట్లు తూచునో యదియే అతని నిజమైన తూకము. నాకు మాత్రము ఇందులో విలువైనదిగా కనబడునది కత్తి కాదు, ఆ మూడు నివేదికలు. ఒకడు వ్రాసిన లెక్కను వానికి తెలియకుండ మఱొకడు వ్రాసిన లెక్కతో సరిచూచుట యను ఉపాయము ఏడు శతాబ్దములు గడచినను పాతబడలేదు. కత్తి మాత్రము రాజుతోనే పోయినది. 1316లో అల్లావుద్దీన్ మరణించిన పిదప అతని కుమారుని కాలముననే ఆ కట్టుబాట్లన్నియు సడలి, ధరలు మరల వర్తకుల యిష్టమునకు వచ్చెనని ఆ బరనీయే వ్రాసినాడు.

అటుపిమ్మట చాల కాలము ఈ ప్రశ్నయే లేకుండెను. కుంఫిణీవారును, వారి తరువాతి బ్రిటిషు ప్రభుత్వమును కఱవు కాలమున గంజి పోయించిరి, చెఱువులు త్రవ్వించి కూలి యిచ్చిరి. కాని అంగడిలో చేయి పెట్టుట తప్పని వారి సిద్ధాంతము. మన పెద్దలు తరతరములుగ చెప్పుకొన్న 1833 నాటి గుంటూరు కఱవులోను, 1876–78 నాటి ధాత కఱవులోను జనము పురుగులవలె రాలిపోవుచున్నను ధాన్యపు వర్తకము స్వేచ్ఛగనే సాగెను. ప్రభుత్వము దుకాణము ద్వారమున అన్నము పంపలేదు గనుక దుకాణదారుడు ప్రభుత్వపు అన్నమును దొంగిలించుట యనునదియు లేదు. అతడు దోచుకొన్న దేదో తన యంగడిలోనే దోచుకొనెను.

రెండవ ప్రపంచయుద్ధము ఈ స్థితిని మార్చినది. 1939లో బొంబాయిలో ధాన్యపు పంపిణీ ప్రారంభమయ్యెను. 1942 డిసెంబరులో భారతప్రభుత్వమున ఆహారశాఖ యేర్పడెను. మఱుసటి యేడు వంగదేశములో ఘోరక్షామము పుట్టెను. ఆ క్షామమును విచారించిన సంఘము 1945లో మృతుల సంఖ్యను సుమారు 15 లక్షలుగ లెక్కించెను; పిమ్మటి పండితులు 30 లక్షల వఱకును చెప్పిరి. ఆ సంఘమే మఱియొక లెక్క కూడ వేసినది. వర్తకులు ఆ క్షామములో మామూలునకు మించి గడించిన లాభము 150 కోట్ల రూపాయలని తేల్చి, దానిని మృతుల సంఖ్యతో భాగించినది. చావొక్కింటికి సుమారు వేయి రూపాయలు! ప్రభుత్వ నివేదికలలో ఇట్టి భాగహారము మఱొకచోట నేను చూడలేదు.

ఆ భయముతో 1943లో గ్రెగరీ యను నాయన అధ్యక్షతన నేర్పడిన ఆహారధాన్యముల సంఘము లక్షకు మించిన జనముగల నగరములలో రేషను పెట్టవలెనని చెప్పెను. చెన్నపట్టణములో ఆ సంవత్సరమే రేషను వచ్చినది. కలకత్తాలో 1944 జనవరి చివర వచ్చినది. కుటుంబమున కొక కార్డు, తలకింత యని బియ్యము. కార్డుతో పాటు కార్డులోని మాయయు పుట్టినది. చచ్చినవాని పేరు కార్డులో బ్రతికి యుండెను. ఊరు విడిచినవాడు ఊరిలోనే అన్నము తినుచుండెను. ఆ పేర్ల మీది బియ్యము దుకాణపు వెనుక వాకిలినుండి చీకటిబజారునకు పోయెను. "నల్లబజారు" అను మాట తెలుగువాని నోట ఇంటిమాట యైనది ఆ దినములలోనే.

మహాత్మాగాంధి ఈ కంట్రోళ్లు ప్రజలకు అబద్ధమాడుట నేర్పుచున్నవని తలచి, వానిని తీసివేయుడని కోరెను. 1947 డిసెంబరులో తీసివేయుట కారంభించిరి. ధరలు ఎగిరిపోగా 1948లో మరల పెట్టిరి. పిమ్మట 1952లో, ఆంధ్రజిల్లాలింకను మద్రాసు రాష్ట్రములో నున్న కాలమున, ముఖ్యమంత్రియైన రాజాజీ ఒక్క కలముపోటుతో రేషను ఎత్తివేసెను. అది పెద్ద సాహసము. ఆ యేడు వాన తోడైనది, దాచిన ధాన్యము బయటికి వచ్చినది, సాహసము నిలిచినది. వాన పడకపోయినచో చరిత్ర అతనిని మఱొకరీతిగ వ్రాసి యుండును. ఏమైనను, కావలి కాయలేని దుకాణమును మూసివేయుటయే ఉత్తమమను వాదమునకు ఆ 1952 ఒక సాక్ష్యముగ నిలిచినది. ఐతే కఱవు వచ్చిననాడు ఆ వాదము మూగవోవును.

ఈ జాడ్యము మనదేశమున మాత్రమే కలదని తలపవలదు. బొంబాయిలో పంపిణీ మొదలైన ఆ 1939లోనే, మే మాసమున, అమెరికాలోని రోచెస్టరు నగరములో బీదలకు ఆహారపు బిళ్లలు ఇచ్చుటకు మొదలిడిరి. బీదవాడు ఒక డాలరు పెట్టి నారింజరంగు బిళ్లలు కొన్నచో, దానిపై అర డాలరు విలువగల నీలిరంగు బిళ్లలు ఉచితముగ లభించును. నీలిబిళ్లలకు, దేశమున మిగులుబడి యున్నవని ప్రభుత్వము ప్రకటించిన ఆహారపదార్థములను మాత్రమే ఇయ్యవలెను. ఆఱు నెలలైనను తిరుగలేదు, అక్టోబరు మాసముననే మొదటి దుకాణదారుడు పట్టుబడెను. 1943లో ఆ పథకమును నిలిపిరి, 1964లో చట్టము చేసి మరల నిలబెట్టిరి. అచటి మోసము మన మోసమువంటిది కాదు. అచట తూకము తగ్గింపరు. వంద సెంట్ల బిళ్లను బీదవాని యొద్ద ఏబది సెంట్ల రొక్కమునకు కొని, ప్రభుత్వము నుండి వంద సెంట్లు రాబట్టుదురు. ఇందులో ఇచ్చువాడును పుచ్చుకొనువాడును కూడబలుకుకొందురు గనుక ఫిర్యాదు చేయువాడుండడు. అందుచే వారు కాగితపు బిళ్లలను తొలగించి, 2004 నాటికి దేశమంతటను యంత్రపు కార్డులను ప్రవేశపెట్టిరి. ఏ చిన్నదుకాణములో ఒకే దినమున పెద్దపెద్ద మొత్తములు, సున్నతో ముగియు మొత్తములు, నిమిషమునకొకటి చొప్పున పడుచున్నవో లెక్కలు తిరగవేసి పట్టుకొనుచున్నారు. 1993లో డాలరునకు సుమారు 4 సెంట్లు ఇట్లు రొక్కముగ మారుచుండగా, పిమ్మటి కాలమున అది ఒకటి, ఒకటిన్నర సెంట్లకు తగ్గెనని అచటి ప్రభుత్వపు అంచనా. ఈ కూడబలుకు మోసము మనకును వచ్చినది. దానిని కడపట చెప్పెదను.

మన దేశమునకు తిరిగి వత్తము. 1955లో నిత్యావసర వస్తువుల చట్టము వచ్చినది. దానిలోని 6ఏ అను విభాగము క్రింద, దారిమళ్లిన సరకును కలెక్టరు జప్తు చేయవచ్చును. రెవెన్యూ కచేరీల చుట్టు తిరిగినవారికి "6ఏ కేసు" అను మాట సుపరిచితము. 1965లో భారత ఆహారసంస్థ యేర్పడినది. 1983లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావు కిలో రెండురూపాయలకు బియ్యమిచ్చు పథకమును ఆరంభించెను. అంతవఱకు జొన్నయు రాగియు తినిన ఇండ్లలో వరియన్నము దినదినమును ఉడుకుట దానితోనే అలవాటైనదని చెప్పవచ్చును. దాని వెంటనే దొంగకార్డులును పెరిగినవి. కొన్నాళ్లకు రాష్ట్రములోని కుటుంబముల కంటె కార్డుల సంఖ్యయే అధికమైనది! పుట్టని బిడ్డలకును, లేని యిండ్లకును బియ్యము పోవుచుండెను. ప్రతి ప్రభుత్వమును కార్డుల ఏరివేత చేపట్టెను. ఏరివేసినపుడెల్ల దొంగకార్డులతో పాటు, కచేరీకి పోయి మాటాడలేని నిజమైన బీదల కార్డులును కొన్ని పోవుచుండెను.

1997లో వచ్చిన మార్పు చాల ముఖ్యమైనది. అంతవఱకు కార్డు గలవారందఱకు ఇంచుమించు ఒకే ధర. నాటినుండి దారిద్ర్యరేఖకు దిగువవారు, ఎగువవారు అని విభజించి వేర్వేరు ధరలు పెట్టిరి. 2000 డిసెంబరులో అంత్యోదయ యను మూడవ తరగతియు వచ్చెను. 2002 తరువాత కేంద్రము రాష్ట్రములకిచ్చు బియ్యపు ధరను చూడుడు: అంత్యోదయవారి బియ్యము కిలో 3 రూపాయలు, దిగువవారిది 5 రూపాయల 65 పైసలు, ఎగువవారిది 8 రూపాయల 30 పైసలు. గోనెసంచి ఒకటే, గింజ ఒకటే, ధరలు మాత్రము మూడు. దుకాణదారుని చేతిలోని కలము ఒక పేరును ఒక గడినుండి మఱొక గడికి మార్చినచో కిలోకు ఐదు రూపాయలు మిగులును. ఉద్దేశము మంచిదే: తక్కువ ధనము గలవానికి తక్కువ ధర. కాని దొంగకు ఇంతకంటె సుకరమైన సదుపాయమును ఎవ్వరును కల్పింపలేరు. 2005లో ప్రణాళికాసంఘము ప్రకటించిన నివేదిక ప్రకారము బీదల కొఱకు పంపిన ధాన్యములో సగమునకు పైగా, అనగా నూటికి 57 వంతులు, బీదలకు చేరలేదు. అందులో దారిలోనే మాయమైనది మొత్తములో నూటికి 36 వంతులు.

ఆ నివేదికలోనే దుకాణదారుని పక్షమున పలుకదగిన సంగతి యొకటి కలదు. పెట్టిన పెట్టుబడిపై నూటికి 12 వంతుల ప్రతిఫలము పొందుచున్న దుకాణములు నూటికి 23 కూడ లేవట. తక్కినవారు ఎట్లు బ్రదుకుచున్నారు? క్వింటాలునకు కొన్ని రూపాయల కమీషనుతో గది యద్దె, బండికూలి, హమాలీ ఖర్చు, దీపపుఖర్చు చెల్లవు. పైగా గిడ్డంగినుండి వచ్చు బస్తాయే తఱుగుతో వచ్చును. అచట తూచి యీయరు, సంచుల సంఖ్య లెక్కపెట్టి యిత్తురు. ఆ తఱుగును దుకాణదారుడు తన సొమ్ముతో పూడ్చవలెను, లేనిచో తక్కెడతో పూడ్చవలెను. నిజాయితీగ నుండువానికి నష్టమును, దొంగకు లాభమును వచ్చునట్లు ఏర్పాటు చేసి, పిమ్మట దొంగలను పట్టుటకు ఇన్‌స్పెక్టర్లను నియమించుట వింతగా లేదా? ఆ ఇన్‌స్పెక్టరునకు నెలనెల ఏదో ముట్టజెప్పవలసి వచ్చిన దుకాణములో ఆ ఖర్చును భరించునదియు బీదవాని బియ్యమే.

దీనిని గుర్తించి నడచిన రాష్ట్రములు కలవు. తమిళనాడులో దుకాణములను ఎక్కువగా సహకారసంఘములే నడపును, తూచువాడు జీతగాడు, కార్డు గలవారిలో బీద, ధనిక యని పెద్దగా వడపోయరు. ఊరి పెద్దలును, పాలేరులును ఒకే వరుసలో నిలిచి బియ్యము పుచ్చుకొను దుకాణములో తూకము తగ్గించుట కష్టము. ఛత్తీస్‌గఢ్‌లో 2004 నాటి ఉత్తర్వుతో ప్రయివేటు వర్తకులనుండి దుకాణములను తీసి గ్రామపంచాయతీలకు, స్త్రీల పొదుపుసంఘములకు, సహకారసంఘములకు ఇచ్చిరి. వర్తకులు న్యాయస్థానముల కెక్కినందున అమలగుటకు కొంతకాలము పట్టెను. అచటివారు చేసిన మఱొక పని, క్వింటాలునకు 8 రూపాయలున్న కమీషనును 30 రూపాయలు చేయుట. బియ్యపు లారీలకు పసుపురంగు పూయించిరి. పసుపులారీ రాత్రివేళ మిల్లు దొడ్డిలో నిలిచినచో దారిన పోవువాడెవ్వడైనను గుర్తింపవచ్చును. ప్రతి బస్తా ఏ గిడ్డంగినుండి ఏ దుకాణమునకు పోయెనో గణకయంత్రములో వ్రాసిరి. 2004–05లో అచట సగము ధాన్యము దారిమళ్లుచుండగా, 2009–10 నాటికి అది పదవవంతునకు తగ్గెనని ఈ విషయమును దీర్ఘకాలము పరిశీలించిన ఆర్థికవేత్తలు జాన్ ద్రెజ్, రీతికా ఖేరా లెక్కకట్టిరి. ఖిల్జీ మూడు నివేదికలకును ఈ పసుపులారీకిని చుట్టరికము కలదని నాకు తోచును. ఐతే ఇచట రహస్యచారి యక్కఱలేదు, చూచువాడు ఊరివాడే.

చట్టమును న్యాయస్థానమును కూడ ఈలోపల మేల్కొన్నవి. 2001 ఆగస్టులో కేంద్రము వెలువరించిన పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారము, దుకాణమునందు ఒక పలక తగిలింపవలెను. దానిపై లబ్ధిదారుల జాబితా, ఎవరికెంత, ధర యెంత, దుకాణము తెఱచు వేళలు, ఆ దినపు నిల్వ వ్రాయవలెను. కార్డును దుకాణదారుడు తన యొద్ద ఉంచుకొనరాదు. 2001లోనే పౌరహక్కుల సంఘమొకటి, గిడ్డంగులలో ధాన్యము ముక్కిపోవుచుండగా జనము ఆకలితో చచ్చుట న్యాయమా యని సుప్రీంకోర్టులో దావా వేసెను. ఆ దావాలో 2003 మే 2వ తేదీన న్యాయస్థానము దుకాణదారుల గూర్చి నిర్దిష్టముగ చెప్పినది. నెల పొడుగున దుకాణము తెఱవనివాని, నిర్ణీతధరకు ఈయనివాని, కార్డులు తన యొద్ద ఉంచుకొనువాని, కార్డులో తప్పు వ్రాయువాని, చీకటిబజారున అమ్మువాని లైసెన్సు రద్దు చేయవలెనని శాసించినది. బీదవాడు తన బియ్యమును విడతలుగ కొనుక్కొనవచ్చుననియు చెప్పినది. ఈ కడపటి మాట చిన్నదిగా కనబడును గాని, దినకూలివానికి నెలబియ్యపు సొమ్ము ఒక్కసారి చేతిలో నుండదని యెఱిగిన న్యాయమూర్తులు వ్రాసిన మాట యది. 2006లో ఆ న్యాయస్థానమే జస్టిస్ వాధ్వా అధ్యక్షతన నొక విచారణసంఘమును నియమించెను.

2013లో జాతీయ ఆహారభద్రతా చట్టము వచ్చినది. తలకు నెలకు 5 కిలోలు హక్కు అయినది. సరకును దుకాణపు గుమ్మము వఱకు ప్రభుత్వమే చేర్చవలెననియు, దుకాణము లిచ్చునపుడు పంచాయతీలకు, పొదుపుసంఘములకు, సహకారసంఘములకు ముందు చూపవలెననియు, దుకాణము దుకాణమునకు నిఘాసంఘ ముండవలెననియు అందు వ్రాసిరి. కమీషనును తరువాత పెంచిరి. సాధారణ రాష్ట్రములలో క్వింటాలునకు 70 రూపాయలు ఉండగా, 2022లో 90 చేసిరి. 2023 జనవరి మొదలు ఈ చట్టము క్రింది బియ్యమునకు వెలయే లేదు. వెల లేనపుడు ధర యెక్కువ పుచ్చుకొను మోసము పోవును. తూకపు మోసము పోదు.

ఇక యంత్రము. 2005 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్‌లో కార్డుల కొఱకు కంటిపాపల చిత్రములు తీసిన సంగతి మీలో కొందఱకు జ్ఞాపకముండును. 2015 నుండి దుకాణములలో వ్రేలిముద్ర యంత్రములు వచ్చినవి. కార్డుదారుడు వచ్చి వ్రేలు పెట్టిననే కాని సరకు ఖర్చుపడదు. చచ్చినవాడు వ్రేలు పెట్టలేడు గదా! కార్డు దాచుకొనినను లాభము లేదు. ఇంకొక మేలు, ఏ దుకాణములో తూకము బాగుండునో ఆ దుకాణమునకు పోవు స్వేచ్ఛ కార్డుదారునకు కలిగినది. 2019 ఆగస్టులో ఒక రాష్ట్రపు కార్డుతో మఱొక రాష్ట్రమున బియ్యము పుచ్చుకొను పద్ధతి దేశములో మొదలైనది రెండు జంటలలో. అందొకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణములే.

కాని యంత్రము చూచునది వచ్చినవాడెవ్వడో యని; వానికెంత యిచ్చిరో అది చూడలేదు. ఇరువది కిలోలకు వ్రేలు పెట్టించి పదునెనిమిది కిలోలు తూచినచో యంత్రము ఇరువదియనియే వ్రాయును. పైగా దుకాణదారుని చేతికి క్రొత్త సాకు దొరకినది: "సిగ్నలు లేదు, వ్రేలు పడలేదు." ఈ లోపమును కనిపెట్టి ఆంధ్రప్రదేశ్‌లో కాటాను యంత్రముతో జతచేసిరి, కాటాపై ఎక్కిన బరువే చీటిలో పడును. ఇది సరియైన వివేకము. ఝార్ఖండ్ రాష్ట్రములో అట్టి వివేకము ఆలస్యమైనది. వ్రేలిముద్ర మాత్రము పెట్టిన కాలమున అచట దొంగతనము చెప్పదగినంతగా తగ్గలేదనియు, ఆధారుతో కార్డు కలుపుకొనని కుటుంబములకు అందవలసినది తగ్గెననియు పరిశోధకులు తేల్చిరి. 2017 సెప్టెంబరులో ఆ రాష్ట్రమున సిమ్డేగా జిల్లాలో పదునొకండేండ్ల బాలిక మరణించెను. ఆధారుతో కలుపనందున ఆ యింటి కార్డు అంతకుముందే రద్దయి యుండెను. ఆకలిచావని తల్లి చెప్పినది. వ్యాధి యని ప్రభుత్వము చెప్పినది. కారణమేదైనను, ఆ కార్డు దొంగకార్డు కాదు.

మట్టిపని చేసిన వ్రేలికి, కలుపు తీసిన వ్రేలికి, డెబ్బది యేండ్ల వ్రేలికి గీతలు అరిగిపోవును. దొంగదుకాణదారుని పట్టుటకు పెట్టిన వలలో ఆ వ్రేలు చిక్కుకొనుట నా దృష్టిలో ఈ చరిత్ర యంతటిలో మిక్కిలి బాధాకరమైన ఘట్టము. దుకాణదారునికి దండన లైసెన్సు పోవుట. ముసలమ్మకు దండన ఆ నెల అన్నము పోవుట. వ్రేలు పడనివారికి కంటిపాప యంత్రమును, అదియు పడనిచో గ్రామాధికారి సాక్ష్యముపై ఇచ్చు వెసులుబాటును కొన్నిచోట్ల తరువాత ఏర్పఱచిరి.

దుకాణమునే తప్పించి చూతమను ప్రయత్నము కూడ మన యొద్దనే జరిగెను. 2021 ఆరంభమున ఆంధ్రప్రదేశ్‌లో 9,260 బండ్లు కొని, వీధులలోనికి బియ్యము పంపిరి. తక్కెడ దుకాణమునుండి బండిపైకి ఎక్కినది. కొన్నాళ్లకు బండి యింటిముందునకు రాక వీధిమొగన నిలిచెననియు, బియ్యము బండ్లనుండియే దారిమళ్లెననియు ఫిర్యాదులు వచ్చినవి. తరువాతి ప్రభుత్వము ఆ బండ్లను మాన్పి, 2025 జూన్ 1 నుండి మరల దుకాణములలోనే పంపిణీ మొదలుపెట్టినది. అఱువదియైదేండ్లు దాటినవారికిని, వికలాంగులకును ఇంటియొద్దకే పంపుటకు నిశ్చయించినది.

అమెరికావారి కూడబలుకు మోసమును గూర్చి కడపట చెప్పెదనంటిని. మన యొద్ద ముతక దొడ్డుబియ్యమును తినలేక కార్డుదారుడే కిలోకు కొన్ని రూపాయలకు అమ్ముచుండుట మీరెఱిగినదే. దుకాణదారుడో, వీధిలో తిరుగు దళారియో కొనును. మిల్లు దానిని మెఱుగుపెట్టి మరల అంగడికో, తిరిగి ప్రభుత్వపు గిడ్డంగికో పంపును. వ్రేలిముద్ర సరిగానే పడును, తూకము సరిగానే యుండును, చీటియు సరిగానే వచ్చును, బియ్యము మాత్రము కుండలోనికి పోదు. దీనికి 6ఏ కేసులు పెట్టిరి, లారీలు పట్టిరి. తెలంగాణ ప్రభుత్వము 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో ఆరంభించి, ఏప్రిల్ నెలనుండి తలకు 6 కిలోల సన్నబియ్యము ఇయ్యసాగినది. అమ్ముకొనుటకు కాక వండుకొనుటకు పనికివచ్చు బియ్యమిచ్చినచో దళారికి పని తగ్గునని దాని యూహ. సన్నబియ్యమునకు అంగడిలో ధర యెక్కువ గనుక దొంగకు ఆశయు ఎక్కువగునని కొందఱు శంకించిరి. ఏది నిజమగునో తేల్చుటకు కొన్ని పంటలు గడువవలెను.